బడి తెరిచేలోగా: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు కొత్త విద్యా సంవత్సరానికి సిద్ధమయ్యే పద్ధతి

తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ నాలుగో వారంలో మొదలైన వేసవి సెలవులు ముగిసి, సాధారణంగా జూన్ 12న బడులు మళ్లీ తెరుచుకుంటాయి. మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగైదు రోజులకే బడి గంట మోగుతుంది కాబట్టి ఊళ్లో దుక్కులు, విత్తనాల పనులు, బడిలో కొత్త పుస్తకాల పంపిణీ, చేరికలు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. ఆ హడావుడిలో ఉపాధ్యాయుల సన్నాహం అనేది వార్షిక ప్రణాళిక రాసి ప్రధానోపాధ్యాయుల సంతకం తీసుకోవడం, గోడలకు చార్టులు అతికించడం, రిజిస్టర్లకు అట్టలు వేయడం వరకే పరిమితమవుతోంది. ఈ పనులు చేయాల్సినవే. అయితే తరగతిలోకి రాబోయే పిల్లల్లో ఎవరు ఏమి చదవగలరో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలియకుండా రాసిన ప్రణాళిక ఎంత ముచ్చటగా ఉన్నా జూలై దాటాక అక్కరకు రాదు. అందుకే ఇక్కడ పిల్లలను తెలుసుకోవడాన్ని మొదటి పనిగా పెట్టుకొని, తక్కిన ఏర్పాట్లను దానికి అనుగుణంగా అమర్చుకునే పద్ధతిని వివరిస్తున్నాను. ప్రభుత్వ, పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో 1 నుంచి 5 తరగతులు బోధించేవారిని దృష్టిలో ఉంచుకొని రాసినా, ఇందులో చాలా భాగం ప్రైవేటు బడుల్లో చిన్న తరగతులు చూసేవారికీ పనికొస్తుంది.

పాత కాగితాల్లో ఉన్న సమాచారం

బడి తెరవడానికి వారం ముందు, వీలుపడకపోతే కనీసం రెండు రోజుల ముందు, గత సంవత్సరపు హాజరు పట్టీని తీసి చదవాలి. మార్కుల రిజిస్టరు కన్నా హాజరు పట్టీయే ఎక్కువ విషయాలు చెబుతుంది. ఒక విద్యార్థి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వరుసగా రాలేదంటే ఆ కుటుంబం పనికోసం వలస వెళ్లి ఉండవచ్చు. వారానికి ఒకటి రెండు రోజులు విడివిడిగా రాలేదంటే ఇంట్లో చంటిపిల్లను చూసుకునే బాధ్యతో, అనారోగ్యమో, చదువు అందక బడి అంటే పుట్టిన భయమో కారణం కావచ్చు. అలాంటి పేర్లను వేరే కాగితం మీద రాసుకోవాలి. సంగ్రహణాత్మక మూల్యాంకనంలో, అంటే పెద్ద పరీక్షల్లో, వచ్చిన గ్రేడును మాత్రం జాగ్రత్తగా చూడాలి. నల్లబల్ల మీద రాసిన జవాబులను చూసి రాసి మంచి గ్రేడు తెచ్చుకున్న పిల్లలు ప్రతి బడిలోనూ కనిపిస్తారు.

నిరుడు ఆ తరగతి చెప్పిన ఉపాధ్యాయులు అదే బడిలో ఉంటే వారితో ఒక గంట కూర్చోవాలి. వారు బదిలీపై వెళ్లిపోయి ఉంటే ఫోనులోనైనా మాట్లాడటం మంచిది. ఆ సంభాషణలో అడగవలసినది ఎవరు తెలివైనవారు, ఎవరు మొద్దులు అన్న తీర్పు కాదు. ఎవరికి ఏ పద్ధతిలో చెబితే అందింది, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటే నోరు విప్పారు, ఎవరి ఇంట్లో ఎవరిని కలిస్తే పని జరిగింది అన్న సంగతులు కావాలి. తానే బదిలీపై కొత్త బడికి వెళుతున్నవారు ముందుగా ఊళ్లోని అంగన్‌వాడీ కార్యకర్తను, వంట చేసే మహిళలను కలవడం మేలు. ఏ ఇంట్లో బడి ఈడు పిల్లలు ఉన్నారో, వారిలో ఎవరు బడికి రావడం లేదో వారికి తెలిసినంతగా ఏ రిజిస్టరుకూ తెలియదు. ఒకటో తరగతిలో చేరబోయే పిల్లల జాబితా అంగన్‌వాడీలోనే దొరుకుతుంది. తెలంగాణలో పిల్లలను బడిలో చేర్పించేందుకు జూన్‌లో నిర్వహించే బడిబాట ప్రచారంలో ఊరేగింపు కన్నా ఈ జాబితా పట్టుకొని గడపగడపకూ వెళ్లడమే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

చేరికల విషయంలో నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డనూ చేర్చుకోకుండా పంపకూడదు. పాత బడి నుంచి బదిలీ పత్రం రావడం ఆలస్యమైందన్న కారణంతోనూ చేరికను ఆపకూడదు. బడి మానేసిన లేక ఎన్నడూ బడికి రాని బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనకబడిన అంశాల్లో ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. రికార్డ్ షీటు (ప్రాథమిక బడి ఇచ్చే బదిలీ పత్రం), ఆధార్ లేకుండా వచ్చిన తల్లిని కాగితాలు తెచ్చాకే రమ్మని తిప్పి పంపితే ఆమె మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. బిడ్డను ఆ రోజే తరగతిలో కూర్చోబెట్టి, కాగితాల పని ఆ తర్వాత చూసుకోవాలి. బడుల, విద్యార్థుల వివరాలు నమోదు చేసే ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో పాత బడివారు విద్యార్థిని డ్రాప్ బాక్సులోకి, అంటే బడి వదిలినవారి జాబితాలోకి, పంపితేనే కొత్త బడికి తీసుకోవడం వీలవుతుంది కాబట్టి, చేరిన వారంలోనే పాత బడి ప్రధానోపాధ్యాయులకు ఫోను చేసి శాశ్వత విద్యా సంఖ్యను, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో సరిచూసుకుంటే ఏడాది పొడవునా తలనొప్పి తగ్గుతుంది.

రోజుల లెక్క

వార్షిక ప్రణాళికను మార్కెట్లో దొరికే పుస్తకం నుంచో, వాట్సాప్ గ్రూపులో తిరిగే పీడీఎఫ్ నుంచో ఎత్తి రాయడం అలవాటైపోయింది. పై అధికారి చూడటానికి అది సరిపోవచ్చు గానీ తరగతికి సరిపోదు. అందులో ఉన్న రోజులు ఆ ఊరి రోజులు కావు.

ముందుగా రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి విడుదల చేసిన విద్యా క్యాలెండర్‌ను పక్కన పెట్టుకొని, నిజంగా పాఠం చెప్పగలిగే రోజులను లెక్కించాలి. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలని, 6 నుంచి 8 తరగతులకు 220 పని దినాలు, 1000 గంటలు ఉండాలని చెబుతోంది. ఉదాహరణకు క్యాలెండర్‌లో 220 పని దినాలు ఉన్నాయనుకుందాం. పిల్లల ప్రారంభ స్థాయిని తెలుసుకోవడానికి 10 రోజులు, నాలుగు నిర్మాణాత్మక (మధ్యమధ్యలో జరిగే చిన్న), రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలకు కలిపి 26 రోజులు, పునశ్చరణకు 16 రోజులు, జాతీయ పండుగలు, ఆటల పోటీలు, తల్లిదండ్రుల సమావేశాలు వంటివాటికి 8 రోజులు, ఉపాధ్యాయుల శిక్షణలు, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు, సొంత సెలవులకు 20 రోజులు తీసివేస్తే 140 మిగులుతాయి. వర్షానికి, ఊళ్లో జాతరకు, అనుకోని పనులకు అందులో పదో వంతు పక్కన పెడితే చేతికి అందేవి 126 రోజులు. రోజుకొక గణితం పీరియడు ఉన్న తరగతిలో ఏడాది గణితమంతా ఆ 126 పీరియడ్లలో ఇమడాలి. అంకెలు బడిని బట్టి మారుతాయి. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

ఈ సంఖ్య చేతికొచ్చాక పాఠ్యపుస్తకంలోని అధ్యాయాలను తలా ఇన్ని పీరియడ్లని సమానంగా పంచడం సరికాదు. మూడో తరగతి గణితంలో స్థాన విలువకు, అప్పు తెచ్చుకొని చేసే తీసివేతకు ఎక్కువ రోజులు కేటాయించాలి. ఆకారాలు, క్యాలెండర్ చదవడం వంటివి తక్కువ రోజుల్లో పూర్తవుతాయి. తెలుగులో మొదటి రెండు మూడు పాఠాలు నెమ్మదిగా సాగినా పర్వాలేదు, ఎందుకంటే ఆ సమయంలో చదవడం రాని పిల్లలు అక్షరాల దగ్గరే ఉంటారు. పెద్ద సెలవుల తర్వాత వచ్చే మొదటి మూడు రోజులకు కొత్త అధ్యాయం పెట్టకూడదు. తెలంగాణలో బతుకమ్మ, దసరా కలిపి వచ్చే విరామం, ఆంధ్రప్రదేశ్‌లో దసరాతో పాటు సంక్రాంతికి వచ్చే విరామం పొడవైనవి కాబట్టి, వాటికి ముందే ఒక యూనిట్ ముగిసేటట్లు హద్దులు గీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పాఠ్యపుస్తకాలు సెమిస్టర్ల వారీగా వస్తున్నందున అక్కడ ఈ విభజన కొంత సులువు.

పాఠ్య ప్రణాళికలను మాత్రం ఏడాదంతటికీ ముందే రాసి పెట్టుకోకూడదని నా అభిప్రాయం. మొదటి మూడు వారాలకు వివరంగా రాసుకొని, ఆపైన ప్రతి శనివారం మరుసటి వారానికి రాసుకుంటే అవి తరగతిలో జరిగినదానికి దగ్గరగా ఉంటాయి. ఉపాధ్యాయులకు చట్టం నిర్దేశించిన వారానికి 45 గంటల పనిలో పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా కలిసే ఉంది; ప్రధానోపాధ్యాయులు ఆ సమయాన్ని గుర్తించి, దాన్ని ఆన్‌లైన్ నమోదులకు పూర్తిగా వదిలేయకుండా చూడాలి.

ఆవరణ, గది, వంటశాల

నెలన్నరకు పైగా మూసి ఉన్న గదులను పిల్లలు రాకముందే తెరిపించాలి. గడ్డి పెరిగిన ఆవరణలో, పాత బల్లల కింద, మరుగుదొడ్ల మూలల్లో పాములు, తేళ్లు చేరే కాలమిది. కిటికీల దగ్గర తేనెతుట్టెలు, కందిరీగల గూళ్లు ఉన్నాయేమో చూడాలి. నీళ్ల ట్యాంకును కడిగించి, మొదటి రోజు నీటిని పారబోయించాలి; స్విచ్ బోర్డులను ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించాలి. నైరుతి రుతుపవనాలు జూన్‌లోనే వస్తాయి కాబట్టి పైకప్పు ఎక్కడ కారుతుందో ఒక్క వానతో తెలిసిపోతుంది. కారే చోట పుస్తకాల బీరువా లేకుండా చూసుకుంటే చాలు, మరమ్మతు నిధులు వచ్చేదాకా ఆగవచ్చు.

మధ్యాహ్న భోజనానికి మిగిలి ఉన్న పాత బియ్యాన్ని పరిశీలించి, పురుగు పట్టినవాటిని వాడకుండా పక్కన పెట్టించాలి. ప్రాథమిక స్థాయిలో ఒక్కో విద్యార్థికి రోజుకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత స్థాయిలో 150 గ్రాముల బియ్యం ప్రమాణం. మొదటి వారంలో హాజరు తక్కువగా ఉంటుంది కాబట్టి, ఉదయం మొదటి పీరియడు తర్వాత లెక్కించిన సంఖ్యనే వంటవారికి చెప్పాలి. పిల్లలకు వడ్డించకముందు ఒక ఉపాధ్యాయుడు రుచి చూసే నియమాన్ని తొలి రోజు నుంచే పాటించడం మంచిది.

తరగతి గది అలంకరణ గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. చార్టులు పెద్దవారి కంటి ఎత్తులో కాక పిల్లల కంటి ఎత్తులో ఉండాలి. గోడ మొత్తం నింపకుండా సగం ఖాళీగా ఉంచితే, జూలై నుంచి పిల్లలు రాసినవి, గీసినవి అక్కడ అతికించవచ్చు. గది మూలలో ఒక తాడు కట్టి, కథల పుస్తకాలను క్లిప్పులతో వేలాడదీస్తే పిల్లలు వాటిని తీస్తారు. బీరువాలో తాళం వేసి ఉంచితే చిరగవు గానీ ఎవరూ చదవరు. చిరిగిన పుస్తకానికి ఉపాధ్యాయుడిని బాధ్యుడిని చేసే అలవాటు ఉన్న చోట, ప్రధానోపాధ్యాయులే ముందుకొచ్చి ఆ భయం పోగొట్టాలి.

మొదటి రెండు వారాలు: ఎవరు ఎక్కడ ఉన్నారు

సన్నాహంలో అతి ముఖ్యమైన భాగం ఇదే కనుక దీన్ని వివరంగా చెప్పాలి. బడి తెరిచిన మొదటి నాలుగు రోజుల్లో పేర్లు, పాటలు, ఆటలు, బడిలో ఎక్కడ ఏది ఉందో చూపించడం, వరుసలో నిలబడటం, నీళ్లు తాగడానికి వెళ్లి రావడం వంటి అలవాట్లతో గడపాలి. ఒకటో తరగతికి మూడు నెలల ఆటపాటల కార్యక్రమంగా కేంద్రం 2021లో రూపొందించిన విద్యాప్రవేశ్ ఇందుకోసమే. ఐదో రోజు నుంచి, రెండో తరగతి మొదలు ఐదో తరగతి వరకు ఉన్న పిల్లల చదివే స్థాయిని ఒక్కొక్కరినే పిలిచి తెలుసుకోవాలి. ఒక్కో విద్యార్థికి ఆరేడు నిమిషాలు పడుతుంది. 30 మంది ఉన్న తరగతికి రోజుకొక గంట చొప్పున మూడు నాలుగు రోజులు సరిపోతాయి. ఆ గంటలో తక్కిన పిల్లలకు బొమ్మలు గీయడం, గింజలతో లెక్కలు, బొమ్మల పుస్తకాలు చూడటం వంటి పనులు ఇవ్వాలి. పరీక్ష అనే పేరు వాడకుండా, వరండాలో పక్కన కూర్చోబెట్టుకొని, మిగిలినవారికి వినపడనంత దూరంలో మాట్లాడాలి.

తెలుగులో చదివే స్థాయిని అక్షరం, పదం, వాక్యం అని మూడు ముక్కలుగా చూస్తే చాలదు, ఎందుకంటే మన పిల్లలు ఆగిపోయే చోట్లు లిపి నిర్మాణంలోనే ఉన్నాయి. నాలుగు చిన్న కార్డులు తయారు చేసుకోవాలి. మొదటి కార్డులో గుణింతపు గుర్తులు లేని పదాలు ఉండాలి: పలక, అరక, జడ, వల, గడప. రెండో కార్డులో గుణింతాలతో వచ్చేవి: గాలి, మేక, పూలు, తోట, బావి. మూడో కార్డులో ద్విత్వాక్షరాలు: అక్క, పువ్వు, ఇల్లు, కప్ప, గుడ్డు. నాలుగో కార్డులో సంయుక్తాక్షరాలు: పుస్తకం, చంద్రుడు, వస్త్రం, నక్షత్రం. ఏ కార్డులో ఐదు పదాలకు నాలుగైనా చదవలేకపోతే విద్యార్థి స్థాయి అక్కడే ఉన్నట్టు. నాలుగో కార్డులో నాలుగే పదాలు ఉన్నాయి కాబట్టి మూడింటిని ప్రమాణంగా పెట్టుకోవచ్చు. మొదటి కార్డే చదవలేని పిల్లలకు విడి అక్షరాలు చూపి, ఏవి గుర్తిస్తున్నారో, మ–య, న–స, ద–థ–ధ, ఎ–ఏ వంటి జంటల్లో ఎక్కడ తికమక పడుతున్నారో గుర్తించాలి.

నాలుగు కార్డులూ దాటినవారికి ఒక చిన్న పేరా ఇవ్వాలి. "రవి ఇంటి ముందు జామచెట్టు ఉంది. దాని మీద రెండు చిలుకలు వాలాయి. ఒక చిలుక పండును కొరికింది. పండు కింద పడింది." చదివాక రెండు ప్రశ్నలు అడగాలి. చిలుకలు ఎన్ని అన్న ప్రశ్నకు జవాబు పేరాలోనే ఉంది; పండు ఎందుకు కింద పడిందన్న ప్రశ్నకు మాత్రం అర్థం చేసుకుంటేనే జవాబు వస్తుంది. గడగడా చదివి రెండో ప్రశ్నకు బిక్కమొహం వేసే పిల్లలు చాలామంది కనిపిస్తారు. వారికి కావలసినది మరిన్ని అక్షరాలు కాదు, చదివినదాన్ని గురించి మాట్లాడే అలవాటు.

పాఠ్యపుస్తకంలోని పాఠాన్ని ఈ పనికి వాడకూడదు. పిల్లలు దాన్ని విని కంఠస్థం చేసి, వేలు ఒకచోట పెట్టి నోటితో మరొకచోట చదువుతారు. అనుమానం వస్తే వాక్యాన్ని చివరి పదం నుంచి వెనక్కి చదవమంటే సంగతి బయటపడుతుంది. వేగాన్ని కొలవాలా అన్నది మరో ప్రశ్న. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడం కోసం కేంద్రం 2021 జూలై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలని ఉంది. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు పదంతోనే కలిసిపోయి ఒక్క పదమే హిందీలోని రెండు మూడు పదాలంత పొడవు ఉంటుంది కాబట్టి ఈ అంకెను మన పిల్లల మీద యథాతథంగా రుద్దకూడదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ నిర్వహించిన అధ్యయనంలోనూ భాషకో ప్రమాణాన్ని వేర్వేరుగా నిర్ణయించారు. జూన్‌లో గడియారం అవసరం లేదు. తడబాటు ఎక్కడ వస్తోందో వింటే చాలు.

గణితంలో కూడా ఇదే తీరున, ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెల గుర్తింపు, 99 వరకు సంఖ్యల గుర్తింపు, రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం అనే మెట్లు చూడాలి. ఇక్కడ జవాబు సరైనదా కాదా అన్నదానికన్నా తప్పు ఏ రకం తప్పు అన్నది ముఖ్యం. 52లోంచి 27 తీసివేయమంటే 35 అని రాసిన బిడ్డ ఎక్కాలు రాక తప్పు చేయలేదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేయాలని మాత్రమే నేర్చుకొని, 7లోంచి 2, 5లోంచి 2 తీసివేసింది. నాలుగు వందల ఐదును 4005 అని రాసిన బిడ్డ చెవికి విన్నట్టే రాసింది. వీరిద్దరికీ కావలసినది స్థాన విలువ. పుల్లలను పదేసి కట్టలుగా కట్టి, ఒక కట్టను విప్పి పది విడి పుల్లలు చేయడం చేతితో చేయించకుండా ఎన్ని లెక్కలు రాయించినా ఈ తప్పు పోదు. పుల్లలు, చింతగింజలు, అగ్గిపెట్టెలు, ఉత్తుత్తి నోట్లు వంటి బోధనాభ్యసన సామగ్రిని జూన్ నెలలోనే సిద్ధం చేసుకోవాలన్నది ఇందుకే.

చూపు, వినికిడి సంగతి కూడా ఈ రోజుల్లోనే తేలిపోతుంది. కార్డును ముఖానికి దగ్గరగా పెట్టుకునేవారిని, ప్రశ్నను రెండోసారి అడిగించుకునేవారిని గుర్తించి రాసుకొని, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం బడికి వచ్చినప్పుడు చూపించాలి. ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లల విషయంలో మండలంలోని భవిత కేంద్రంతో మొదటి నెలలోనే మాట్లాడుకోవాలి.

ఈ వివరాలన్నీ ఒక్క పెద్ద కాగితం మీద, ఒక్కో విద్యార్థికి ఒక వరుస చొప్పున రాయాలి: పేరు, ఇంట్లో మాట్లాడే భాష, ఇంటి దగ్గర చూసుకునేవారు, గత ఏడాది హాజరు, చదివే స్థాయి, లెక్కల స్థాయి, ఆరోగ్యం. ఆన్‌లైన్‌లో నమోదు చేయవలసినది ఎలాగూ చేస్తారు. ఈ కాగితం మాత్రం బల్ల సొరుగులో, చేతికి అందేచోట ఉండాలి. గోడ మీద అతికించకూడదు. చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది; నలుగురిలో వెనకబడినవాడని ముద్ర వేయడం రెండోదాని కిందికే వస్తుంది.

సమూహాలు, కాలపట్టిక

స్థాయిలు తెలిశాక తరగతి హద్దులతో సంబంధం లేకుండా పిల్లలను సమూహాలుగా చేసి, రోజుకొక గంట ఆ సమూహాల్లో బోధించడం మంచిది. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు ఉన్న బడిలో అందరూ ఒకే గంటను ఇందుకు కేటాయించుకోవాలి. అప్పుడు నాలుగో తరగతిలో ఉండి గుణింతాలు రాని విద్యార్థి, రెండో తరగతిలో అదే స్థాయిలో ఉన్నవారితో కలిసి నేర్చుకోగలుగుతాడు. పెద్ద పిల్లలు చిన్నచూపుగా భావించకుండా సమూహాలకు పూల పేర్లో, నదుల పేర్లో పెట్టాలి. అయితే ఒక సమూహంలోకి వెళ్లినవారు ఆరు వారాలకు మించి అక్కడే ఉండిపోతే పేరు ఎంత అందమైనదైనా పిల్లలకు అసలు సంగతి తెలిసిపోతుంది. మిగిలిన పీరియడ్లలో అందరూ తమ తరగతి పాఠమే వినాలి.

ఏకోపాధ్యాయ పాఠశాల పరిస్థితి వేరు. ఐదు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం కలిపి 15, మూడు తరగతులకు పరిసరాల విజ్ఞానం 3, మొత్తం 18 సబ్జెక్టులను ఒక్కరే చూడాలి. వాటిని 18గా చూస్తే ఏ కాలపట్టికా ఇమడదు. 1, 2 తరగతులను ఒక జట్టుగా, 3, 4, 5 తరగతులను మరో జట్టుగా చేసి, ఒక జట్టుకు 20 నిమిషాలు నేరుగా బోధిస్తున్నప్పుడు రెండో జట్టు రాతపని, కార్డుల పని, జంట చదువు చేసేటట్లు అమర్చాలి. పరిసరాల విజ్ఞానంలో నీరు, ఆహారం, కుటుంబం వంటి అంశాలు మూడు తరగతుల్లోనూ వస్తాయి కాబట్టి ఒకే చర్చ చేసి, రాసే పనిని మాత్రం తరగతిని బట్టి మార్చవచ్చు. ఈ పద్ధతిలో అసలు శ్రమంతా కార్డుల తయారీలోనే ఉంటుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యా వనరుల కేంద్రం బహుళ తరగతుల బోధన కోసం రూపొందించిన కార్డుల విధానం, మెట్ల క్రమం ఎన్నో రాష్ట్రాలకు నమూనా అయ్యాయి. అంత విస్తారంగా చేయలేకపోయినా, పాత క్యాలెండర్ అట్టల వెనుక రాసిన 40, 50 కార్డులతో మొదటి రెండు నెలలు నడపవచ్చు. ప్రభుత్వ డిజిటల్ పాఠాల యాప్ దీక్షలోని పాఠాలు, పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ వీడియోలు నెట్‌వర్క్ ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకుంటేనే అక్కరకొస్తాయి.

ఇంటి భాష, బడి భాష

రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పుస్తకాలు తెలుగు, ఇంగ్లిష్ ఎదురెదురు పేజీల్లో వస్తున్నాయి. ఇంగ్లిష్ మాధ్యమంలో నమోదైనా, ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డ ముందుగా తెలుగులో చదవడం నేర్చుకుంటే రెండో లిపి త్వరగా పట్టుబడుతుంది. కాబట్టి 1, 2 తరగతుల్లో తెలుగు పీరియడును ఇతర పనులకు బలి చేయకూడదు. గణితంలో భావనను తెలుగులో వివరించి, పదాన్ని ఇంగ్లిష్‌లో ఇవ్వడం పిల్లలకు ఇబ్బంది కాదు.

ఏజెన్సీ ప్రాంతాల్లో తెలుగు కూడా పరాయి భాషే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో ప్రాథమిక తరగతుల వాచకాలు తయారుచేశారు. అవి బీరువాల్లో ఎక్కడైనా ఉంటే బయటికి తీయాలి. లేకపోయినా పాడేరు, ఉట్నూరు వైపు కొత్తగా వెళ్లేవారు సెలవుల్లోనే రా, కూర్చో, తిను, నీళ్లు, నొప్పి, అమ్మ, ఎన్ని వంటి యాభై మాటలను స్థానికుల దగ్గర నేర్చుకొని వెళ్లాలి. మొదటి నెలలో ఒకటో తరగతి బిడ్డ కడుపునొప్పి అని చెప్పుకోగలగడం అక్షరాల కన్నా ముందు అవసరం. ఇంట్లో ఉర్దూ, కన్నడం, ఒడియా మాట్లాడే పిల్లల విషయంలోనూ ఇంతే.

తల్లిదండ్రులతో, వలస కుటుంబాలతో

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మహిళలు ఉండాలి. అయినా మొదటి సమావేశం చాలాచోట్ల సంతకాలతోనే ముగుస్తుంది. స్థాయిల కాగితం సిద్ధమయ్యాక, జూన్ చివర్లో లేదా జూలై మొదట్లో, కూలిపనుల నుంచి వారు తిరిగి వచ్చే సాయంత్రం వేళ సమావేశం పెట్టి, ఎవరి బిడ్డ సంగతి వారికే విడిగా చెప్పాలి. "మీ పాప గుణింతాలు దాటింది, ఒత్తులు పలికేటప్పుడు ఆగుతోంది, దసరాకల్లా ఈ కార్డు చదివించాలని అనుకుంటున్నాం" అని కార్డు చూపించి చెబితే చదువురాని తల్లికి కూడా అర్థమవుతుంది. "బి గ్రేడు" అంటే అర్థం కాదు. ఇంటి దగ్గర నాయనమ్మో, పెద్దమ్మో మాత్రమే ఉంటే వారినే పిలవాలి.

వలసల సంగతి జూన్‌లోనే ఆలోచించాలి. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలు సుగ్గికని, అంటే కోతల కాలపు కూలికి, పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వెళతాయి. పాలమూరు నుంచి భవన నిర్మాణ పనులకు వెళ్లేవారు ఉన్నారు. ఏ కుటుంబం ఏ నెలలో వెళుతుందో ముందే అడిగి రాసుకుంటే, సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టల్ కోసం ప్రధానోపాధ్యాయులు మండల విద్యాశాఖాధికారికి సకాలంలో పేర్లు పంపగలరు. తీసుకువెళ్లక తప్పని పిల్లల చేతికి వారి స్థాయి, నేర్చుకున్న అంశాలు రాసిన ఒక కాగితాన్ని, ఉపాధ్యాయుల ఫోను నంబరును ఇచ్చి పంపితే అక్కడి బడిలో చేర్చడం తేలికవుతుంది.

జూన్‌లో చూసిన స్థాయిలను దసరా సెలవులకు ముందు వారంలో, వేరే పదాలు, వేరే పేరా తీసుకొని మళ్లీ చూడాలి. అదే కాగితం మీద రెండో నిలువు వరుసలో వాటిని నమోదు చేసి, స్థాయి మారని పిల్లల పేర్లతో కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లి, అక్కడి తోటి ఉపాధ్యాయులతో ఒక్కొక్కరి గురించి మాట్లాడి, సెలవులు ముగిసి బడి తెరిచేటప్పటికి ఆ పిల్లలకు మాత్రమే కొత్త సమూహాన్ని, కొత్త కార్డులను సిద్ధం చేసుకోవాలి.